పావని మందు దాచిన చిలకపచ్చ ఫ్రిజ్

నేను ఒక ఫ్రిజ్‌ను. ఒంటి తలుపు, చిలకపచ్చ రంగు, నలుగురు పడితే గానీ కదలని ఒళ్ళు. మీ ఇళ్ళలో ఇప్పుడున్న అద్దాల తలుపుల ఫ్రిజ్‌ల పక్కన నన్ను నిలబెడితే, పెళ్ళికొచ్చిన ముసలి పెద్దమ్మలా ఉంటాను.

లోకాన్ని నేను ముక్కలు ముక్కలుగానే చూశాను. తలుపు తీసినప్పుడు ఒక ముఖం, ఒక చెయ్యి, ఆ వెనక కిటికీలోంచి ఇంత ఎండ. తలుపు వేశాక చీకటి, చలి. ఆ చీకట్లో కూర్చుని, చూసిన ముక్కల్ని ఒకదానికొకటి అతికించుకుంటూ ఉంటాను. మీరు నిద్రలో చేసే పని కూడా అదేననుకుంటాను. అందుకని నేను చెప్పేదాంట్లో కొంత కలలా అనిపిస్తే ఏమీ అనుకోకండి. జరిగింది మాత్రం జరిగినట్టే చెబుతాను.

చల్లదనం పంచాల్సినదాన్నే అయినా నేను పుట్టింది వేడిలో. రేకును వంచి, అతికించి, రంగు పూసి, ఆ రంగు పట్టడానికి ఒక పెద్ద పొయ్యిలోకి తోశారు. తర్వాత గోడల మధ్య దూదిలాంటిదేదో కూరారు. గ్యాసు ఎక్కించి, మోటారు తిప్పారు. ఒళ్ళంతా ఒకసారి విదిలించుకున్నాను. లోపల ఎక్కడో, చలికాలం తెల్లవారినట్టు, సన్నగా ఒక చల్లదనం పుట్టింది. అది నాదేనని తెలియడానికి కాసేపు పట్టింది. నన్ను చేసినవాళ్ళు మహా గొప్పవాళ్ళని చెప్పను. ఒక వస్తువును కొన్నాళ్ళకే పాడైపోయేలా చేసే తెలివి అప్పటికింకా ఎవరికీ రాలేదు, అంతే.

మొదట నన్ను గుంటూరులో ఒక లెక్చరరుగారు కొన్నారు. ఆయన భార్య వసుంధరగారు నా నెత్తిన అల్లిన గుడ్డ పరిచి, దాని మీద ప్లాస్టిక్ పూలు పెట్టారు. నాకు తాళం కూడా ఉండేది. తాళంచెవి ఆవిడ బొడ్డులో ఉండేది. మామిడిపండ్లు చల్లగా ఉంచుతానని నన్ను నమ్మారు గానీ, ఇంట్లోవాళ్ళు తినకుండా ఉంటారని మాత్రం నమ్మలేదు. మనుషుల లెక్కలు నాకు ఎప్పుడూ పూర్తిగా అర్థం కాలేదు. ఆవిడ మాత్రం నన్ను బిడ్డను తుడిచినట్టు తుడిచేవారు. నేనూ ఎన్నడూ మొరాయించలేదు. అయినా ఒకరోజు నేను పాతదాన్నైపోయాను. నాలో ఏ లోపమూ రాలేదు. పక్కింట్లోకి రెండు తలుపుల ఫ్రిజ్ వచ్చింది.

అక్కడి నుంచి ఒక లారీలో, తాళ్ళతో కట్టి, నన్ను చీరాల తెచ్చారు. సుభానీ అనే మెకానిక్ దుకాణంలో, విరిగిన కూలర్ల వెనక నిలబడ్డాను. కరెంటు లేదు, చలి లేదు. అన్ని వాసనలూ పోయి, నాలో నాదైన ఇనుప వాసన మిగిలింది. ఎంతకాలం అలా ఉన్నానో తెలియదు. కలలాంటి కాలం అది. వీధిలో పోయే బండ్ల మోతలు, సుభానీ రేడియో, వాన, మళ్ళీ ఎండ.

ఆ ఎండల్లోనే భ్రమరాంబ వచ్చింది.

ఆమెది జాండ్రపేట. భర్త చెంచయ్య, ఆమె కలిసి మగ్గం నేస్తారు. వాళ్ళకు పావని ఒక్కతే కూతురు. బడికి వెళ్ళే వయసులోనే పిల్లకు చక్కెర జబ్బు వచ్చింది. గుంటూరు పెద్దాసుపత్రిలో ఇన్సులిన్ సీసాలు ఇచ్చి, చల్లగా ఉంచాలని చెప్పారట. భ్రమరాంబ తడి ఇసుక పోసిన కుండలో సీసాలు దాచింది. తర్వాత వాయిదాల మీద ఒక కొత్త ఫ్రిజ్ కొన్నారు. తళతళలాడుతూ వచ్చిన ఆ ఫ్రిజ్ రెండో వేసవిలోనే చల్లబడటం మానేసింది. బాగుచేయడానికి వచ్చినవాళ్ళు ఏదో బోర్డు పోయిందన్నారు, ఆ బోర్డు దొరకడం లేదన్నారు, చివరికి రావడమే మానేశారు. మళ్ళీ కుండే దిక్కయింది. మే నెలలో ఆ ఇసుక ఎంత తడిపినా చల్లబడలేదు. పిల్లకు సూదిమందు వేస్తూనే ఉన్నారు గానీ, మందులో సత్తువ పోయిందని ఎవరికీ తెలియలేదు. పిల్ల బళ్ళో స్పృహ తప్పింది. ఆసుపత్రిలో కళ్ళు తెరిచేదాకా భ్రమరాంబ మంచినీళ్ళు ముట్టలేదట.

ఇదంతా ఆమె దుకాణంలో స్టూలు మీద కూర్చుని, ఎవరి గోడో చెబుతున్నట్టు, మెల్లగా చెప్పింది. సుభానీ ఆమెకు చాలా ఫ్రిజ్‌లు చూపించాడు. ఒక్కొక్కటీ తెరిచి చూసి, మూసి, చివరికి అంది.

"అన్నా, ఇయన్నీ చూశా. నువ్వైతే మీ ఇంటికి ఏది పట్టుకుపోతావో అది చెప్పు."

సుభానీ లేచి, కూలర్లు పక్కకు జరిపి, నా మీది దుమ్ము దులిపాడు.

"చూడ్డానికి బాగుండదక్కా. కరెంటు కూడా కాస్త ఎక్కువ తాగుద్ది. కానీ దీని లోపల నేను బాగుచెయ్యలేంది ఏం లేదు."

ఆమె వెంటనే సరేననలేదు. నాకు కరెంటు పెట్టించి, స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి ఐసు కట్టే పైఅరలో పెట్టి, మళ్ళీ స్టూలు మీద కూర్చుంది. రేపు రమ్మని సుభానీ అంటే, ఇక్కడే ఉంటానంది. అంతకాలం తర్వాత మళ్ళీ నా ఒళ్ళు కదిలింది. నాకే నమ్మకం లేదు. పొద్దు వాలేటప్పటికి గ్లాసులో నీళ్ళు గడ్డకట్టాయి. ఆమె గ్లాసు తీయలేదు. లోపలికి చెయ్యి పెట్టి, వేళ్ళు మొద్దుబారేదాకా అలాగే ఉంచింది. ఆ చేతికి నూలు గరుకు ఉంది, రంగు మరకలున్నాయి. ఆ చెయ్యే నాకు ఇప్పటికీ బాగా గుర్తు.

చెంచయ్యకు నేను నచ్చలేదు. కొత్తదే మోసం చేస్తే, ఎవరో వాడి పారేసింది ఎన్నాళ్ళుంటుందని సణిగాడు. నన్ను లోపలికి తేవడానికి గడప దగ్గర గోడ కొంచెం చెక్కాల్సి వచ్చింది. అదొక కోపం. నేను మగ్గం గదిలోనే ఒక మూల నిలబడ్డాను. వేరే చోటు లేదు.

ఆ వీధిలో అప్పటికి ఫ్రిజ్‌లు తక్కువ. పక్కింటి సాయమ్మ పూలమ్ముకునేది. అమ్ముడుపోని మల్లెమాలలు తడిగుడ్డలో చుట్టి తెచ్చేది. ఎవరో పాలు, ఎవరో దోసెల పిండి. తలుపు లోపల ఒక అర మాత్రం ఎవరూ ముట్టకూడదు. అందులో పావని సీసాలు ఉండేవి. మల్లెల వాసనలో, ఆ చిన్న సీసాల మధ్య, నాకు చాలా మంచి కలలు వచ్చేవి. ఊళ్ళో ఉన్న వేడి అంతా గుమ్మం బయట నిలబడి లోపలికి తొంగి చూస్తున్నట్టుండేది.

పావని మధ్యాహ్నాలు నా తలుపు తీసి, మంచినీళ్ళ కోసం వెతుకుతున్నట్టు నటిస్తూ, చలిగాలికి ముఖం పెట్టి నిలబడేది. లోపలినుంచి తల్లి కేకేసేది. ఒకసారి సాయమ్మ మనవరాలి పుట్టినరోజని పాలకోవా గిన్నె నాలో పెట్టింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పావని తలుపు తీసింది. మూత తీసి చూసింది. వేలు పెట్టలేదు. కళ్ళు మూసుకుని, వాసన గట్టిగా పీల్చి, మూత పెట్టేసింది. సాయమ్మ గుమ్మంలోంచి అది చూసింది కాబోలు. ఆ తర్వాత తీపి ఎప్పుడూ తెచ్చి పెట్టలేదు.

ఇలా ఉండగా ఒక ఏడు తుఫాను వచ్చింది.

గాలికి స్తంభాలు వాలిపోయాయి. కరెంటు పోయింది. నేసేటప్పుడు కాళ్ళు దించుకునే మగ్గం గుంటలోకి నీళ్ళు ఊరాయి. మగ్గం మీదున్న చెంచయ్య పడుగు నూలు సగం తడిసి పాడైంది. అతను దాని వైపు చూడనైనా చూడలేదు. నా వైపు చూశాడు. ఎందుకంటే ఆ వారమే ఆసుపత్రి నుంచి తెచ్చిన కొత్త సీసాలన్నీ నాలో ఉన్నాయి. గుంటూరు దారి తెగిపోయింది. ఊళ్ళో మందుల కొట్లు మూసి ఉన్నాయి. వాన వెలిశాక ఎండ వెంటనే కాసింది. తుఫాను తర్వాతి ఉక్క ఎలాంటిదో ఆ తీరంలో ఉన్నవాళ్ళకు తెలుసు.

సాయమ్మ వీధిలో అందరినీ పిలిచింది. ఒక్కసారి తలుపు తీసి, ఎవరి గిన్నెలు వాళ్ళు తీసుకోమంది. గబగబా తీసుకున్నారు. భ్రమరాంబ వాడుతున్న సీసా ఒక్కటి బయట ఉంచి, తలుపు మూసి, మళ్ళీ ఎవరూ తెరవకుండా మగ్గం తాడుతో నన్ను చుట్టి కట్టేసింది.

ఆ చీకటి నేను మరిచిపోలేను. మోటారు లేదు. నాలో ఉన్న చలి నీళ్ళలో ఉప్పులా కరిగిపోతుంటే పట్టుకోవడానికి నాకు చేతుల్లేవు. నా గోడలు మందమే. అయినా వేడి మెల్లగా, ఏ తొందరా లేకుండా, లోపలికి నడిచి వస్తోంది. సీసాలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. నాకంటూ నేను ఏదైనా కోరుకున్న రోజు అదొక్కటే.

మర్నాడు పొద్దున చెంచయ్య సైకిలు తీశాడు. చేపల పడవలుండే వాడరేవు వెళతానన్నాడు. దారి నిండా చెట్లు పడున్నాయని, ఆ రేవులో మనిషే ఉండడని ఎవరో అన్నారు.

"పడవలు పోలేదు కదా. చేపలకని ఉంచిన ఐసు ఏడకి పోద్ది?" అన్నాడు చెంచయ్య.

అతను ఎలా వెళ్ళాడో, సైకిలును ఎన్ని చెట్ల మీదుగా ఎత్తుకుని దాటించాడో నేను చూడలేదు. సాయంత్రానికి తాడు విప్పారు. తలుపు తీయగానే ఊక అంటిన గోనెసంచి కనిపించింది. దాని వెనక, మోకాళ్ళదాకా బురదతో చెంచయ్య. ఐసు గడ్డలు పైఅరలో పేర్చబోతుంటే పావని ఆపింది.

"నాన్నా, సీసాకి ఐసు తగలకూడదు. గడ్డకడితే అదీ పాడే."

సీసాలను ఆమె తన ఓణీ మడతల్లో చుట్టి, దూరంగా కింది అరలో పెట్టింది. మళ్ళీ తాడు కట్టారు. ఆ ఐసు కరిగేదాకా, కరిగాక అతను మళ్ళీ వెళ్ళి తెచ్చిన ఐసు కరిగేదాకా, నేను ఫ్రిజ్‌ను కాను, ఒక పెట్టెను. కానీ ఆ పెట్టెలో సముద్రపు వాసన ఉంది. ఎన్నడూ చూడని సముద్రం నాలోపలికి వచ్చి చుక్కలు చుక్కలుగా కారుతున్నట్టు, దాని మీద ఆ చిన్న సీసాలు పడవల్లా ఊగుతున్నట్టు అనిపించేది.

కరెంటు వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ గమనించలేదు. అందరూ గుంటలో నీళ్ళు తోడుతున్నారు. నేను ఒళ్ళు విదిలించగానే చెంచయ్య బిందె కింద పెట్టాడు. వచ్చి నా పక్కకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. అతను నన్ను కావాలని ముట్టుకోవడం అదే మొదలు. పావనికి మందు పనిచేసింది. పిల్ల మామూలుగా బడికి వెళ్ళింది.

ఆ తర్వాత నా గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అదే నాకు గొప్ప. తలుపు రబ్బరు మార్చారు. మోటారుకు ఏదో చిన్న భాగం వేశారు. సుభానీ జుట్టు నెరిసింది. పావని తన ఇంజక్షను తనే చేసుకోవడం నేర్చుకుంది, చదువుకుంది, చీరల డిజైన్లు కంప్యూటర్లో గీసే పనిలో చేరింది. వీధిలో అందరి ఇళ్ళలోకీ ఫ్రిజ్‌లు వచ్చాయి. నాలో మల్లెలు పెట్టడానికి సాయమ్మ మాత్రం వస్తూనే ఉండేది. తన కొత్త ఫ్రిజ్‌లో పూలు తొందరగా వాడిపోతున్నాయని చెప్పేది. నిజమో, నా మీద అభిమానమో.

ఒకరోజు నా మోటారు బిగుసుకుపోయింది. సుభానీ చాలాసేపు నా వెనక కూర్చున్నాడు. లేచి, చేతులు తుడుచుకుని, ఇక అవదని భ్రమరాంబతో చెప్పాడు. అలాంటి మోటారు ఇప్పుడు ఎక్కడా రావడం లేదట. చెప్పేటప్పుడు ఆమె ముఖం వంక చూడలేదు.

పావని సొంత సంపాదనతో చిన్న ఫ్రిజ్ కొంది. సీసాలను నాలోంచి తీసి అందులో పెట్టింది. పాత ఇనుము కొనేవాడు తోపుడుబండితో గుమ్మం ముందు నిలబడ్డాడు. చెంచయ్య నన్ను ఒకవైపు పట్టుకున్నాడు. పట్టుకున్నాడు గానీ ఎత్తలేదు.

"దీన్ని పంపించేస్తే ఈ మూల ఖాళీగా చూడలేనమ్మా," అంది పావని.

భ్రమరాంబ లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు చేతుల నిండా పట్టు నూలు. ఆ ఇంట్లో పట్టుకు ఎలుకల భయం, తేమ భయం. చెక్కపెట్టెలో పెడితే చెమ్మ, అటక మీద పెడితే ఎలుక. ఆమె నా తలుపు తీసి, అరలన్నీ పొడిగుడ్డతో తుడిచి, ఆ నూలును రంగురంగులుగా పేర్చింది. నెమలికంఠం, వంగపండు, పసుపు. తలుపు వేసి, ఒకసారి లాగి చూసింది. తలుపు గట్టిగా పట్టుకుంది. ఇనుము కొనేవాడికి మజ్జిగ ఇచ్చి పంపేశారు.

ఇప్పుడు నాలో మోటారు లేదు. పట్టుకు చలి అక్కర్లేదు. పక్కన కొత్త ఫ్రిజ్ చిన్నగా గురక పెడుతూ తన పని తను చేసుకుంటోంది. నా ఎదుట గుంటలో మగ్గం ఆడుతూ ఉంటుంది. ఆ చప్పుడు నాకు కొత్త కాదు. కరెంటు పోయి నా మోటారు ఆగిన ప్రతిసారీ వినేదాన్ని. కానీ అప్పుడు, కరెంటు ఎప్పుడొస్తుందో, సీసాలు ఏమవుతాయోనన్న బెంగతో వినేదాన్ని. ఇప్పుడు ఊరికే వింటున్నాను. కాలి కింద తొక్కుడు పలక దిగుతుంది, నూలు మోసే నాడె అటు పోతుంది, ఇటు వస్తుంది. ఎంత బాగుంటుందో.