తాపీతో దిద్దిన కేక్

భర్త మొహసిన్ డ్యూటీకి వెళ్ళగానే రఫియా ముందు ఏసీ పెంచుతుంది, తరవాత పనిముట్లు పరుస్తుంది. దోహాలో, అల్ తుమామాలోని ఆ చిన్న ఫ్లాట్‌లో డైనింగ్ టేబుల్ మీద అన్నం తిన్న రోజులు తక్కువ. గిర్రున తిరిగే కేక్ పీట, పళ్ళున్న స్టీలు దువ్వెనలు, పొడుగాటి పాలెట్ కత్తి, స్పాంజి ముక్కలు, పళ్ళు తోమని కొత్త టూత్‌బ్రష్షు, మెట్‌పల్లి నుంచి తెచ్చుకున్న మురుకుల గొట్టం, అన్నీ దాని మీదే. వాటి పక్కన ఒక చిన్న తాపీ కూడా ఉంటుంది. మేస్త్రీలు గోడ నున్నగా దిద్దుకునే తాపీ. కేకుల సామాను అమ్మే దుకాణాల్లో అలాంటిది దొరకదు.

రఫియా కేకుల సంగతి దోహాలో తెలుగు మాట్లాడే వాళ్ళందరికీ తెలుసు. ఆమె కేక్‌కు క్రీమ్ పట్టించి, పీట తిప్పుతూ పాలెట్ కత్తితో సాపు చేసి, ఎవరి కోసం చేస్తోందో వాళ్ళ పేరు ఇంటిపేరుతో సహా చెప్పి చేతులు వెనక్కి తీసుకుంటుంది. ఆ మనిషి ఆ వేళకు దేన్ని ఆనుకుని ఉంటే క్రీమ్ మీద అదే తేలుతుంది. మంచం మీదుంటే దుప్పటి నేత, బడిలో ఉంటే బల్ల చెక్క చారలు. తేలిన గీత పలచగా ఉంటుంది కాబట్టి వెంటనే పనిముట్టు పట్టి దాన్ని నిలబెట్టాలి. నేతకు సన్నపళ్ళ దువ్వెన, చెక్కకు గట్టి బ్రష్షు, ఇసుకకు స్పాంజి అద్దకం. ఏది దేనికో తెలియడమే ఆమె విద్య, మిగతాది క్రీమ్ చూసుకుంటుంది.

అల్ ఘర్రాఫా నుంచి వచ్చే భానుమతి కూతురి పుట్టినరోజు కేక్ మీద మఖమల్ సోఫా చారలు చూసి నెత్తి కొట్టుకుంది. "చూశారా రఫియాగారూ! అక్షర ట్యూషన్‌కి వెళ్తున్నానని చెప్పింది నాతో. ఇంట్లో సోఫాలో దొర్లుతూ ఫోను చూస్తోందన్నమాట." ఆ తరవాత ఎగ్‌లెస్సేనా, ఎగ్‌లెస్సేనా అని ప్రాణం తీసి, పట్టుకుపోయింది. క్రీమ్ గురించి ఎవరికీ అనుమానాలు లేవు, అందరి అనుమానమూ గుడ్డు మీదే.

తాపీ ఇచ్చింది హన్మాండ్లు. మెసైమీర్‌లో లేబర్ క్యాంప్‌లో ఉండే ప్లాస్టర్ మేస్త్రీ. ఊరు మెట్‌పల్లి పక్కనే కాబట్టి రఫియాకు తమ్ముడి వరస కలుపుకున్నాడు. అతని భార్య గంగామణి ఊళ్ళో బీడీలు చుడుతుంది. ప్రతి శ్రావణంలో పెళ్ళిరోజుకు గంగామణి అక్కడి నుంచి ఫోన్ చేసి కేక్ చెబుతుంది. కేక్ క్యాంప్‌కు పోతుంది. హన్మాండ్లు రూంలో వాళ్ళందరినీ నిలబెట్టుకుని ఫోన్ ముందు కోస్తాడు, మొదటి ముక్క ఫోన్‌కు తినిపిస్తాడు, అక్కడ ఊళ్ళో గంగామణి నోరు తెరుస్తుంది. తరవాత ఫోన్‌కు అంటిన క్రీమ్ తుడవలేక రూంమేట్లు తిట్టుకుంటారు.

హన్మాండ్లు పేరు చెబితే ఎప్పుడూ ఇసుక, సిమెంటు గరుకే తేలేది. ఒక ఏడు అతనే వచ్చి కేక్ చూసి పకపకా నవ్వాడు. "అక్కా, ఇది రెండో కోటు. ఇంక నీళ్ళు కొట్టాలె దీనికి. మీ పని మా పని ఒక్కటే, మీ గోడను తింటరు, గంతే." ఆ వచ్చే శుక్రవారం ఒక తాపీ శుభ్రంగా కడిగి, గుడ్డలో చుట్టి తెచ్చి ఇచ్చాడు.

ఈ ఏడు శ్రావణం వచ్చింది. గంగామణి ఫోన్ కూడా వచ్చింది, కానీ గొంతులో ఎప్పటి సంబరం లేదు.

"అక్కా, ఆయన ఫోన్ కలుస్తలేదు. కంపెనీల అడిగిపిస్తే పారిపోయిండంటున్నరు. ఊరోళ్ళేమో ఆడ ఎవతినో పెట్టుకున్నడంటున్నరు. బీడీల కాడ కూసుంటే నన్ను జూసి మాట బంద్ చేస్తున్నరు." అప్పుడు కేక్ మాట ఎత్తింది, "కోసేటందుకు కాదక్కా. పేరు చెప్పి చూడు. ఉన్నడో లేడో, ఉంటే ఏడున్నడో, నాకు గదొక్కటి తెల్వాలె."

రఫియా ఆ పూట వేరే పని పెట్టుకోలేదు. క్రీమ్ సాపు చేసి, "సుంకరి హన్మాండ్లు" అని చేతులు తీసింది. గరుకు తేలలేదు. ఉన్న చిన్న చిన్న గీతలు కూడా మూసుకుపోయి క్రీమ్ అద్దంలా చదునైంది. అంచులు కొంచెం పైకి లేచాయి. తరవాత దాని మీద చెమట పట్టినట్టు నీటిబొట్లు నిలిచాయి. పీట మీద చెయ్యి వేస్తే చల్లదనం అరచేతిలోకి ఎక్కింది. ఏ దువ్వెన తీయాలో, ఏ బ్రష్షు తీయాలో రఫియాకు తోచలేదు.

మధ్యాహ్నం మొహసిన్ తిండికి వచ్చాడు. అతను ఒక కంపెనీలో మందూబ్. కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే పని. కంపెనీలో ఎవరైనా చనిపోతే ఆ కాగితాలూ అతనివే. కేక్ మీద వేలు పెట్టి, వెంటనే తీసేసుకుని, సింక్ దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

"ఎవరిది?"

"హన్మాండ్లుది."

"ట్రే అది, రఫియా. ఆస్పత్రిల కింద గది ఉంటది. సొరుగు లెక్క బయటికి గుంజుతరు. నేను ఎన్నోసార్లు పట్టుకున్న. గిట్లనే ఉంటది." అన్నం వద్దని కుర్చీలో కూర్చున్నాడు. "జేబుల కార్డు లేకుంటే పేరు లేకుండనే పడి ఉంటడు. నేను పోయి అడుగుత. కాని ఇంటోళ్ళు అర్జీ పెట్టాలె, పాస్‌పోర్ట్ కాపీ పంపాలె. అది లేకుంటే ఎవ్వడు తలుపు తీయడు."

గల్ఫ్‌లో చావు కబురు ఎవరూ ఒక్కసారిగా చెప్పరు. ముందు జ్వరం అంటారు. తరవాత ఆస్పత్రి, తరవాత సీరియస్. పెట్టె విమానం దిగేదాకా ఇంటి ఆడవాళ్ళకు జ్వరం ముచ్చటే చెబుతారు. రఫియా తమ్ముడు ఉమైర్ సౌదీలో పోయినప్పుడు వాళ్ళ అమ్మకూ అలాగే చెప్పారు. అది దయ అనే అందరూ అనుకుంటారు, రఫియా కూడా అనుకుంది. ఆధారం చేతికి రాకుండా, బీడీలు చుట్టుకునే పిల్లకు ట్రే ఎలా చూపిస్తుంది?

ఆ చల్లటి క్రీమ్‌ను గీకి పారేసింది. కొత్త క్రీమ్ పట్టించింది, ఈసారి ఏ పేరూ చెప్పలేదు. బిస్కెట్లు నలిపి జల్లింది. హన్మాండ్లు తాపీయే తీసుకుని, అతను చూపించినట్టే మణికట్టు తిప్పుతూ అద్దింది, లాగింది, స్పాంజితో పొడిచింది. రెండో కోటు పడిన గోడ వచ్చింది. ఆమె చేతి నుంచి అంత మంచి పని మునుపెప్పుడూ రాలేదు. ఫొటో పంపి, కింద "పాస్‌పోర్ట్ కాపీ ఉంటే పంపు, ఊరికే ఒక మాట అడిగి చూస్తం" అని రాసింది.

గంగామణి వెంటనే ఫోన్ చేసింది.

"పని మీద ఉన్నడన్నట్టు."

రఫియా తాపీని పీట పక్కన పెట్టింది.

"గోడకాడ నిలబడ్డడు. పానం మంచిగనే ఉన్నది. నాతోనే మాట్లాడబుద్ధి అయితలేదు. నేను పిచ్చిదాన్ని, ఏమయ్యిండో అని అన్నం ముడుతలేను."

"అట్ల కాదు గంగామణీ, జర కాపీ పంపు..."

"బతికున్నోన్ని దేవులాడుడెందుకక్కా? వానికి నేను యాదికొస్తే వాడే చేస్తడు." ఫోన్ పెట్టేసింది. ఆ తరవాత ఎత్తలేదు.

సంగతులు రఫియా మేనత్త మాబున్నీసా చెప్పింది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళకు బీడీ ఆకు పంచేది ఆమే. గంగామణి కాలి మెట్టెలు తీసేసిందట. పెద్దమనుషులకు చెప్పి పెట్టిందట, ఆదివారం కూర్చుని తెగదెంపులు చేస్తారట. "ఊరోళ్ళు అన్నప్పుడు నమ్మలేదు బిడ్డా. నీ కేక్ జూసినంక నమ్మింది" అంది మాబున్నీసా, తప్పు పట్టినట్టు కాకుండా, జరిగింది చెప్పినట్టే.

మొహసిన్‌కు కోపం వస్తే గొంతు తగ్గుతుంది. "చచ్చిపోయినోన్ని బద్నాం చేసినవ్ రఫియా. వాడు లేచి జవాబు చెప్తడా? ఎవ్వరు అడగకుంటే ఇక్కడనే పేరు లేని మట్టి అవుతడు. ఆ పిల్ల బతుకంత వాన్ని తిట్టుకుంట బతుకుతది." రఫియా ఏడవబోయి, ఏడిచే హక్కు తనకు లేదనిపించి మానేసింది.

మర్నాడు మాబున్నీసాను గంగామణి ఇంటికి పంపి, మేనత్త ఫోన్‌లోనే వీడియో పెట్టించింది. గంగామణి ఒళ్ళో బీడీ చాట ఉంది, చేతులు ఆకు కత్తిరిస్తూనే ఉన్నాయి. తల ఎత్తలేదు.

"గంగామణీ, మొన్నటి కేక్ అబద్ధం. అది నేను దిద్దిన. ఆయన ఇచ్చిన తాపీతోనే దిద్దిన. క్రీమ్ చెప్పింది వేరే ఉండె, నీకు చూపియ్యలేక గీకేసిన. ఇప్పుడు నా చేతులు చూడు."

కత్తెర ఆగింది. రఫియా పీట మీద కేక్ పెట్టి, క్రీమ్ సాపు చేసి, పేరు చెప్పి, ఖాళీ చేతులు రెండూ ఫోన్‌కు కనబడేలా పైకెత్తి నిలబడింది. క్రీమ్ చదునైంది. అంచులు లేచాయి. బొట్లు నిలిచాయి.

"ఏందక్కా అది? అద్దమా?"

"స్టీలు."

"చల్లగున్నదా?"

రఫియా చెయ్యి పెట్టింది. "ఉన్నది."

"శాన చల్లగనా?"

"శాన."

ఏ గదో, ఏ ఆస్పత్రో రఫియా చెప్పాల్సిన పని పడలేదు. గంగామణి ఒళ్ళో చాట తీసి పక్కన పెట్టి, నేల మీద రాలిన ఆకు ముక్కలు ఒక్కొక్కటే ఏరి చాటలో వేసింది. అప్పుడు అంది, "ఆయన అంగీలు కాలవెట్టిన అక్కా. పెరట్ల వేసి అన్ని కాలవెట్టిన. ఇప్పుడు ఆయన మీద కప్పుదామంటే ఒక్కటి లేదు." అప్పుడు ఏడుపు మొదలైంది. మాబున్నీసా ఫోన్ తిప్పేసింది, గోడ మాత్రం కనిపించింది, ఏడుపు వినిపిస్తూనే ఉంది. రఫియా ఫోన్ పెట్టేయలేదు. వినడం తప్ప ఆమె చేయగలిగింది ఏమీ లేకపోయింది.

పాస్‌పోర్ట్ కాపీ ఆ సాయంత్రమే వచ్చింది. మొహసిన్ తలుపులన్నీ తట్టాడు. హన్మాండ్లు మొహసిన్ చెప్పిన గదిలోనే ఉన్నాడు. తెల్లవారుజామున పనికి పోతూ రోడ్డు దాటుతుంటే వ్యాన్ తగిలిందట, జేబులో కార్డు లేదట, ఫోన్ ఏమైందో ఎవరికీ తెలియదట. మనిషి కనిపించకపోయేసరికి కంపెనీ వాళ్ళు వెతకకుండానే పారిపోయాడని రాసేసి చేతులు దులుపుకున్నారు. పెట్టె మీద కొత్త అంగీ ఒకటి మడిచి పెట్టి పంపింది రఫియా. తెగదెంపులకు కూర్చోవలసిన పెద్దమనుషులే పెట్టెను దింపుకున్నారు, హన్మాండ్లు వాళ్ళ చెలక చేనులోనే పూడ్చారు. గంగామణిని చూసి మాట ఆపేసిన ఆడవాళ్ళే ఆమెను పట్టుకుని కూర్చున్నారు. ఆమె మళ్ళీ మెట్టెలు తొడుక్కుంది, భర్త పోయిన అందరిలాగా పదో రోజు తీయించుకోవడానికి.

రఫియా తాపీని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసింది.

మళ్ళీ శ్రావణం వచ్చింది. గంగామణి నుంచి ఫోన్ వస్తుందని రఫియా అనుకోలేదు.

"అక్కా, కేక్ చెయ్యి. క్యాంప్‌కు వద్దు, నాకు చూపిస్తే చాలు."

రఫియా ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి, పేరు చెప్పి, చేతులు వెనక్కి కట్టుకుంది. క్రీమ్ ముందు గడ్డలు గడ్డలుగా చిట్లింది. తరవాత ఆ గడ్డలు తడిసినట్టు మెత్తబడి ఒకదానిలో ఒకటి ఒదిగాయి. వాటి మీద సన్నటి గీతలు నిక్కి లేచాయి, ముందు అక్కడక్కడ, తరవాత నిండా. రఫియా దువ్వెన ముట్టుకోలేదు, బ్రష్షు ముట్టుకోలేదు.

గంగామణి ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"మన చెలకనే" అంది. "రాత్రి మంచి వాన కొట్టిందక్కా ఈడ." ఇంకాసేపు చూసింది. "గడ్డి బాగ లేచింది. పొద్దుగాల పోయి తీస్త."