పావుగంట

పదకొండు దాటేసరికి జ్వరాల వరస ఆస్పత్రి వరండా మెట్లు దిగి వాన జల్లులోకి వచ్చేసింది. కృపావతి ముప్పై ఏడో వేలిని సూదితో గుచ్చి, నెత్తురు బొట్టును గాజుపలక మీద పూసి, పేరు రాసుకుంది. తర్వాతి మనిషి చంకలో పసివాడున్నాడు. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు వినగానే ఆమె రొమ్ములు జివ్వుమని లాగి రవిక తడిసిపోయింది. తెల్లకోటు గుండీలు మెడదాకా పెట్టుకుని ఇంకో సూది అందుకుంది. పక్క బల్ల దగ్గర తోటి నర్సు రత్న తలెత్తకుండా మాత్రలు పంచుతోంది.

రెండువేల నాలుగు, జూలై. అరకు కొండల్లో ఏటా ఈ నెలలో మలేరియా విరుచుకుపడుతుంది. కృపావతికి కూతురు పుట్టి అప్పటికి డెబ్బై రోజులు. ప్రసవానికి జీతంతో సెలవు పర్మినెంటు వాళ్లకే అన్నారు. ఆమెది కాంట్రాక్టు. నలభై ఆరో రోజున డ్యూటీలో చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిదయ్యేది. భర్త ధనుంజయ్ కాఫీ తోటల్లో కూలి. వానల్లో నెలకు పది రోజులు పని దొరికితే గొప్ప. ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. డబ్బా పాలు కొనే స్తోమత ఆ జీతానికి లేదు.

పొద్దున్నే ఆరింటికి బిడ్డకు పాలిచ్చి, ఇంకో గ్లాసుడు పిండి ఇంట్లో ఉంచి, తమ ఊరు పనసగుడలో జీపెక్కితే మళ్లీ బిడ్డను చూసేది చీకటి పడ్డాకే. ఇంట్లో ఉంచిన పాలు పదింటికల్లా అయిపోతాయి. అందుకని ఆస్పత్రిలో, కాన్పుల గది ఖాళీగా ఉన్నప్పుడు, గడియ లేని తలుపుకు స్టూలు అడ్డం పెట్టుకుని పాలు తీసేది. మెడికల్ షాపులో రబ్బరు బుడ్డి పంపు ఒకటి కొని చూసింది గాని, అది చనుమొనను పుండు చేసింది తప్ప పాలు లాగలేదు. చేత్తోనే పిండేది. మరగబెట్టిన స్టీలు గ్లాసుకు మూతపెట్టి రెండింటి జీపు డ్రైవరు భీముడికి ఇస్తే, అతను ఊళ్లో ఆమె అత్త ముత్యాలమ్మకు అందించేవాడు.

ముత్యాలమ్మ మొదట్లో ఒప్పుకోలేదు. రొమ్ము విడిచిన పాలు చచ్చిన పాలంది. పదిమంది కళ్లు పడితే ఉన్న పాలు కూడా ఎండిపోతాయంది. మూడు రోజులు గ్లాసుకు గ్లాసు అరటిచెట్టు మొదట్లో పోసేసింది. నాలుగో రోజు బిడ్డ గంజినీళ్లు కక్కేసి సొమ్మసిల్లితే, భయపడి ఉగ్గుగిన్నెతో ఆ పాలే పట్టింది. బిడ్డ చప్పరించి నిద్రపోయింది. అప్పటినుంచి రెండయ్యేసరికి ఆవిడే రోడ్డు మీదికి వచ్చి జీపు కోసం నిలబడుతోంది.

ఆ రోజు జనం రాకముందే కృపావతి గ్లాసుడు పాలు తీసింది. మామూలుగా పెట్టే లాబ్ ఫ్రిజ్ రెండు రోజులుగా పనిచేయడం లేదు. బయట బల్ల మీద పెడితే ఈగలు, వచ్చేపోయే వాళ్ల చేతులు. తప్పని తెలిసీ టీకాల ఫ్రిజ్‌లో ఒక మూల పెట్టింది.

జిల్లా నుంచి ఆఫీసరు వస్తున్నాడని సూపర్‌వైజరు హేమలత అన్నీ తెరిచి చూస్తోంది. పన్నెండింటికి గ్లాసు ఆవిడ చేతికి చిక్కింది. కేకలు వెయ్యలేదు. టీకాల దగ్గర మంచినీళ్లు కూడా పెట్టకూడదని ఊరూరా చెప్పేది మనమే కదా అని మాత్రం అని, సింకులో వంచేసింది. కృపావతికీ తెలుసు, ఆ నియమం సరైనదే. పాలు సన్నటి ధారగా జాలీలోకి దిగిపోవడం చూస్తూ నిలబడింది.

మళ్లీ తీసుకుంటాను, పావుగంట చాలని అడిగింది. బయట అరవైమంది ఉన్నారు, ఆఫీసరు ఏ క్షణాన్నయినా రావచ్చు, సాయంత్రం చూసుకోమంది హేమలత. రెండింటికి జీపు హారన్ మోగింది. భీముడు కిటికీ దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. ఈ పూట లేదన్నట్టు ఆమె తల అడ్డంగా ఊపింది.

మూడయ్యేసరికి రొమ్ములు రాళ్లయ్యాయి. ఎడమవైపు చంకదాకా ఎర్రగా కమిలి, ఒళ్లంతా వణుకు పుట్టింది. వరసలో ఉన్న ముసలమ్మ అచ్చియమ్మ కాలిపోతున్న ఆమె చెయ్యి తాకి, సూది నీకే గుచ్చుకోవాలి తల్లీ అంది. రత్న వచ్చి ఆమెను కూర్చోబెట్టి, రెండు వరసలూ తనే చూసుకుంది.

నాలుగింటికి ఆఫీసరు వచ్చాడు. అందరినీ డాక్టరు గదిలోకి పిలిచారు. కొండ మీది ఊళ్లలో మూడు రోజుల జ్వరాల క్యాంపు, మకాం అక్కడే, మర్నాడు పొద్దున్నే బయల్దేరాలి. పేర్లు రాసిన రిజిస్టరు బల్ల మీద తెరిచి ఉంది. మొదటి పేరు కృపావతిది. ఆమె పెన్ను అందుకుంది.

అంతలో వరండాలో బిడ్డ ఏడుపు వినబడింది. గ్లాసు రాకపోయేసరికి ముత్యాలమ్మ బిడ్డను ఒంటికి గుడ్డతో కట్టుకుని తిరుగు జీపులో వచ్చేసింది. అటెండరు పైడయ్య ఆపుతున్నా గుమ్మందాకా వచ్చి నిలబడింది.

"పొద్దుటి పాలు తప్ప గుంటకి ఏటీ నేదు. బేగి పట్టవే. ఏడిసేడిసి గొంతుక పోనాది."

కృపావతి పెన్ను కింద పెట్టేసింది. బిడ్డను అందుకుని, గోడవైపు తిరిగి బెంచీ మీద కూర్చుంది. బిగుసుకుపోయిన రొమ్మును పట్టలేక బిడ్డ రెండుసార్లు జారిపోయింది. మూడోసారి పట్టుకుంది. ఆ నొప్పికి తల్లి కాలి వేళ్లు ముడుచుకున్నాయి. గదిలో మగవాళ్లు కాగితాల్లోకి చూపు దించుకున్నారు.

హేమలత దగ్గరికి వచ్చి, సంతకం పెట్టేసి బయటికెళ్లి ఇచ్చుకోమని తగ్గు గొంతుతో చెప్పింది.

"క్యాంపుకి వెళ్తానండి. గుంటనీ, మా అత్తనీ కూడా తీసుకెళ్తాను," అంది కృపావతి. ఇటు తిరగకుండానే అంది. "ఇక్కడైనా, అక్కడైనా పూటకి పావుగంట కావాలి. గడియున్న గదొకటి కావాలి. ఆ రెండూ రిజిస్టర్లో రాయండి. అప్పుడు సంతకం పెడతాను."

"నా పిల్లలిద్దరూ డబ్బా పాలతోనే పెరిగారు. నేనెప్పుడైనా గది అడిగానా?" అంది హేమలత.

"మీరు అడగలేదు మేడమ్. నాను అడుగుతన్నాను."

ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వచ్చే నెలలో కాంట్రాక్టులు మళ్లీ రాయాల్సి ఉందని, ఇలాంటప్పుడు పేచీలు ఎవరికీ మంచివి కావని, ఎవరి పేరూ ఎత్తకుండా నెమ్మదిగా చెప్పాడు. అది ఎవరికి చెప్పాడో గదిలో అందరికీ తెలుసు. జీతం ఆగిపోతే ధనుంజయ్ ఒక్కడి కూలితో ఇల్లు పదిహేను రోజులు కూడా గడవదు. అయినా కృపావతి లేవలేదు. బిడ్డను రెండో వైపుకు మార్చుకుంది.

హేమలత కాసేపు ఆమె వీపు వైపు చూసి, రిజిస్టరును తర్వాతి సంతకానికి రత్న ముందుకు జరిపింది. రత్న పెన్ను అందుకుంది. తన పేరు ఉన్న గడి మీద వేలు పెట్టుకుని, బెంచీ వైపు చూసింది. బిడ్డ గుటకల చప్పుడు తప్ప గదిలో ఇంకేమీ వినిపించడం లేదు.

"సంతకం పెట్టమ్మా," అన్నాడు ఆఫీసరు.

రత్న పెన్నుకు మూత పెట్టింది. మళ్లీ తీసింది. మళ్లీ పెట్టింది. గడి ఖాళీగానే ఉంది.