బయ్యన్న మాట

కుందుర్పి అవతలి గుట్ట మీద గాలిమరలు నిలబెట్టాలని ఒక జర్మనీ కంపెనీ చూస్తోంది. స్థలం చూడవచ్చిన దొరకూ తనకూ నడుమ మాట తర్జుమా చేయడానికి సర్పంచి బయ్యన్న ఇంగ్లీషు పంతులమ్మ వనజాక్షిని పిలిపించాడు. ఆమె ఇష్టంగానే వెళ్లింది. మాఘంలో నాయన పోయాక ఇంట్లో మిగిలింది తనూ తమ్ముడు హర్షా. ఐటీఐ చదివిన హర్ష పనికి బెంగళూరు పోతానంటున్నాడు. గాలిమరలు వస్తే ఇక్కడే ఉంటాడు.

అతిథికి మర్యాద తగ్గకూడదని బయ్యన్న జీపుల నిండా తుపాకులవాళ్లను ఎదురుపంపాడు. ఆ ఊళ్లో పెళ్లికొడుక్కి కూడా దక్కని గౌరవం అది. దొర మాత్రం తుపాకులను చూసి, ఇచ్చిన మజ్జిగ తాగకుండా గ్లాసు చేతిలోనే పట్టుకున్నాడు.

గుట్ట ఎక్కాక బయ్యన్న చేయి చాపాడు. "అదో, ఆ వంక దాకా మనదే. ఈడ గాలికి కరువు లేదప్పా, వానకే!"

దొర నవ్వి ఏదో అడిగాడు. భూమి తగువొస్తే కంపెనీ ఏ కోర్టుకు పోవాలి, తీర్పుకు ఎన్నాళ్లు పడుతుంది అంటున్నాడని వనజాక్షి చెప్పింది.

"కోర్టేంటికి? నేనుండా కదా! పొద్దున తగువొస్తే మాపటికి తెగ్గొడతా. కోర్టుకు పోయినోడు ఈ ఊర్లో ఎవుడుండాడు?"

"పోయినోడు ఊర్లో ఉంటే కదన్నా!" అన్నాడు వెనకనుంచి అనుచరుడు కుళ్లాయప్ప. అందరూ నవ్వారు.

వనజాక్షి తటపటాయించింది. ఊరంతా సహకరిస్తుందని మెత్తగా చెబితే సరిపోతుంది. హర్ష ముఖం కళ్లముందు మెదిలింది. కానీ తన మాట నమ్మి, ఇంత దూరం వచ్చిన మనిషి పెట్టుబడి పెడితే? ఉన్నదున్నట్టు చెప్పింది. కుళ్లాయప్ప మాట ఒక్కటే వదిలేసింది.

"తగువు మీతోనే అయితే?" అన్నాడు దొర మెల్లగా.

బయ్యన్నను ఇంతవరకూ ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. "నాతో ఏంటికొస్తాది తల్లీ? ఆయప్ప నా ఇంటికొచ్చిన సుట్టం. నా పానం అడ్డమేస్తానని చెప్పు."

నిజంగానే వేస్తాడని వనజాక్షికి తెలుసు. నాయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు మంచం వదలకుండా కూర్చున్నది ఈయనే. బయ్యన్న మాటతో పాటు అదీ దొరకు చెప్పింది. దొర రెండు చేతులూ జోడించి కారెక్కాడు.

కంపెనీ పక్క రాష్ట్రానికి పోయిందని తర్వాత కబురొచ్చింది. బయ్యన్న బడికే వచ్చాడు.

"నేనేం తక్కువ చేసినా తల్లీ?"

"తక్కువేం చేయలేదు మామా. మీరు లేకపోయినా ఊర్లో న్యాయం నడుస్తాదా అని ఆయన చూసినాడు."

బయ్యన్న కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ వారమే హర్ష బెంగళూరు బస్సెక్కాడు. ఒక్క మనిషికి సంగటికి ఎసరెంత పెట్టాలో తెలియక, వనజాక్షి పొయ్యి ముందు కాసేపు నిలబడింది.