నలభై రెండ్లు ఎనభై

అండాలమ్మ మూడో అంతస్తు మెట్ల మీద పడింది. నెత్తి మీది పన్నెండు ఇటుకలూ ఆమెకంటే ముందు పడ్డాయి. కాంట్రాక్టర్ వెంకట్రావు పరుగెత్తుకొచ్చి మొదట చూసింది ఇటుకల్ని. "మూడు పగిలాయి" అన్నాడు. గుట్కా ఉమ్మాడు. అప్పుడు అడిగాడు, మనిషికేమైందని.

మెడ తిరగడం లేదు. ఆటోలో వేసి దవాఖానకు పంపారు. ఈ జన్మకిక నెత్తిన బరువు పెట్టొద్దని డాక్టర్ చెప్పాడట.

దిల్‌సుఖ్‌నగర్ సందులో కోచింగ్ పిల్లల కోసం లేస్తున్న హాస్టల్ అది. ఎదురు గోడకు ఓ ఫ్లెక్సీ: ర్యాంకులొచ్చినవాళ్ళ ఫోటోల్లో నవ్వే పళ్ళు, కింద 'పది రోజుల్లో లెక్కలు మీ గుప్పిట్లో'. సిమెంటు మాల్ కలిపే అంతయ్య దానికి వీపు పెట్టి పనిచేసేవాడు. మూడో తరగతిలో ఏడో ఎక్కం రాలేదని సారు వీపు చీరేస్తే బడి వదిలి, చివరికి ఎల్బీ నగర్ కూలీల అడ్డా మీద తేలినవాడు.

అండాలమ్మ పడిన రోజు తన మీద తనకే రోత పుట్టింది. నెల కింద అందరి తరఫున తలూపింది తనే. నెత్తి మీద ఇటుకలు జంటలుగా పేరుస్తారు. వరసకు రెండు, అయిదు వరసలు, పది. "ఇంకొక్క వరస వేసుకోండి, రెండే కదా" అన్నాడు వెంకట్రావు. పదికి రెండు కూడి చూసుకున్నారు. సరే అన్నారు. కూడిక దగ్గరే ఆగిపోయారు.

"రెండు ఇటుకలకే మెడ ఇరుగుతదా అంటుండు!" సద్ది విప్పుతూ, ఇటుకలు మోసే కిష్టమ్మ పళ్ళు కొరికింది.

అంతయ్య ఇసుక కుప్ప దగ్గర కూలబడి ఇటుక పెంకులు జంటలుగా పెట్టసాగాడు. "ఒక్కపాలి ఎక్కితే రెండు. మళ్ళెక్కితే ఇంకో రెండు. దినాం ఎన్నిసార్లు ఎక్కుతుర్రక్కా?"

"నలభై."

నలభై జంటలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. "ఎనభై! ఇటుక మూడు కిలోలు. ఒక్కదాని మెడ మీద దినాం రెండొందల నలభై కిలోలు ఎక్కువ పడ్డయి."

"థూ! ఎడ్ల మీద గూడ గింత ఎయ్యరు కదరా!"

"మీరు తొమ్మిది మంది. గిసొంటి కుప్పలు తొమ్మిది. ఏడొందల ఇరవై ఇటుకలు."

విప్పిన సద్దులు మళ్ళీ మూటగట్టారు. మధ్యాహ్నం ఒక్కరూ నెత్తిన బరువు కింది చుట్టబట్ట పెట్టుకోలేదు. వెంకట్రావు ఊగిపోతూ వచ్చాడు. "ఏవిటీ గోల? ఎవడి యూనియన్ ఇది?"

"పదే మోస్తం" అంది కిష్టమ్మ.

పైన సగంలో ఆగిన గోడలకేసి చూసి అతను ఇకిలించాడు. "సరేనమ్మా, నేనూ మనిషినే. పదే మోయండి. కాకపోతే రోజుకో ఎనిమిది సార్లు ఎక్కువ తిరగండి, అంతే."

"సల్లగుండు సారూ!" అంటూ ఎవరో చప్పట్లు కొట్టారు. సిగ్గులేని అంతయ్య తలా మళ్ళీ ఊగబోయింది.

కిష్టమ్మ మాత్రం ఇసుకలో పెంకులు పదేసి పెడుతోంది. ఎనిమిది వరసలు. "గిప్పుడెన్నిరా అంతయ్యా?"

అతను వేలితో వరసలు లెక్కపెట్టాడు. "ఎనభై."

"గవ్వే ఎనభై! జంటలు చెరిపి పదులు పేర్చిండు, గంతే!" వెంకట్రావు గుట్కా మరకల మీదే ఆమె ఉమ్మింది. చప్పట్లు కొట్టిన చేతులు కొంగుల్లో దాక్కున్నాయి.

"అడ్డా మీద ఇంకో తొమ్మిది మంది దొరకరనుకున్నారా?" వెంకట్రావు గుడ్లురిమాడు.

"తెచ్చుకో. ఆళ్ళకూ గీ పెంకులు సూపిస్తం."

మర్నాడు పదేసి ఇటుకలు, నలభై సార్లు. నలభయ్యోసారి దిగగానే తొమ్మిది చుట్టబట్టలూ అండాలమ్మ పడిన మెట్టు మీద పెట్టి కూర్చున్నారు. అరగంటలో పోలీసులు దిగారు.

"ఎవడ్రా గీళ్ళకు లెక్కలు నేర్పింది?"

"వెంకట్రావు సారే" అన్నాడు అంతయ్య. "రెండే కదా అని మొదలుపెట్టింది ఆయనే."

చెంప పగిలింది. కాలర్ పట్టి జీపులోకి నెట్టారు. బండి సందు మలుపు తిరుగుతుండగా, పక్క బిల్డింగ్ దగ్గర ఇటుకలు మోసే ఆడవాళ్ళు పని ఆపి గోడ మీదికి వంగి అరుస్తున్నారు: "అక్కా! మేం పద్నాలుగు మోస్తున్నం! మాకెన్ని పడ్తున్నయే?"

వెనక నుంచి కిష్టమ్మ గొంతు సందంతా మోగింది.

"పెంకులు ఏరుర్రి! దినాం ఎన్నిసార్లు ఎక్కుతుర్రో ముందు గది చెప్పుర్రి!"