మహలు ముంగిట పొయ్యి

లిస్బన్ నగరాన్ని భూకంపం నేలమట్టం చేసి పంతొమ్మిదేళ్లయింది. తేజు నది ఒడ్డున రాజుగారి మహలు కూలిన చోట మూడువైపులా కొత్త భవనాలు లేచాయి. కమానులన్నీ ఒకే ఎత్తు, కిటికీలన్నీ ఒకే కొలత. నాలుగో వైపు నది. పడమటి వరుసలో చివరి కమాను కింద ఉర్సులా చేపలు వేయించి అమ్మేది. మహలు ఉన్న రోజుల్లోనూ ఆమె పొయ్యి దాని గోడవారనే ఉండేది.

ఒకరోజు పొద్దున్నే కుస్తోడియో ఇద్దరు సిపాయిలతో వచ్చాడు. ఒకప్పుడు ఆమె సందులోనే చీమిడి ముక్కుతో తిరిగినవాడు. ఇప్పుడు అంగళ్లకు అనుమతి పత్రాలు రాసే అధికారి.

"ఎక్కడ అమ్ముతున్నావో చెప్పు, రాసుకుంటా."

"మహలు ముంగిట."

"ఆ పేరు ఎత్తేశారు. వర్తక చౌకు అను."

"అనను. నా మొగుడు చచ్చింది వర్తక చౌకులో కాదురా."

ఆమె భర్త అమారో పడవ నడిపేవాడు. ఆనాడు ఇళ్లు కూలుతుంటే జనం, వాళ్లతో అతనూ, మహలు ముందున్న రాతిరేవు మీదికి పరుగెత్తారు. రేవు వాళ్లందరితో సహా నదిలో దిగబడిపోయింది. ఒడ్డున నిలబడి చూసిన ఉర్సులా ఆ తర్వాత మళ్లీ పడవ ఎక్కలేదు.

"మొండిగా మాట్లాడకు," అన్నాడు కుస్తోడియో. "ఈ గోడల లోపల కొయ్య పంజరం ఉంది, కింద బురదలో దుంగలు దిగ్గొట్టారు. భూమి మళ్లీ వణికినా ఇవి నిలుస్తాయి. నీ మహలు నిలిచిందా? కూలిపోయినదాని పేరు దేనికి?"

"పంజరమని నువ్వే అంటున్నావుగా. అందులో నువ్వు కూర్చో. చిలకలా వాళ్లు నేర్పిన పేరు పలుకు."

సిపాయిలు పగలబడి నవ్వారు. కుస్తోడియో మొహం కందగడ్డ అయింది. బూటుకాలితో మూకుడు తన్నాడు. కాగిన నూనె రాళ్ల మీద పరుచుకుంది, చేపలు బూడిదలో పడ్డాయి. సిపాయిల చేత పొయ్యి పగలగొట్టించాడు.

"ఈ రాళ్ల మీద మళ్లీ కాలు పెట్టావో, జైలే!"

ఉర్సులా అతని బూట్ల మీద ఉమ్మేసి, మూకుడు చల్లారాక చంకన పెట్టుకుని మరిది ఫౌస్తో ఇంటికి నడిచింది.

"నీ పడవ కావాలి."

ఫౌస్తో తెల్లబోయాడు. "నీకా వదినా? నీళ్లు చూస్తేనే వణికిపోతావు కదా!"

"వణికితే వణుకుతాను. పడవ ఇవ్వు."

మర్నాడు మధ్యాహ్నం చౌకు ముందున్న నదీ మెట్లకు పడవ కట్టి, అందులో ఇటుకలు పేర్చి పొయ్యి రాజేసింది. అల వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుని పడవ అంచు పట్టుకునేది. అల వెళ్లాక చేపలు తిరగేసేది. రాతిపనివాళ్లు మొక్కజొన్న రొట్టెలు చేతపట్టుకుని వరసగా మెట్లు దిగారు.

కుస్తోడియో పై మెట్టు మీద నిలబడి అరిచాడు. "బయటికి రావే!"

"నీళ్ల మీద పెత్తనం రేవు అధికారిది. నీది రాళ్ల వరకే. దిగు చూద్దాం!"

అతను దిగలేదు. రేవు అధికారికి ఫిర్యాదు రాశాడు, జవాబు రాలేదు. రోజూ వచ్చి పైనుంచి తిట్టేవాడు. ఆమె కిందనుంచి అంతకు రెట్టింపు తిట్టేది. నీళ్లంటే భయం మాత్రం పోలేదు. తిట్టేటప్పుడు నీళ్లు గుర్తొచ్చేవి కావు; అతని మొహం కనిపించని రోజున ఆమె పడవ అంచు వదిలేదే కాదు.

చలికాలం వచ్చినా ఆమె పడవ దిగలేదు.