మడ మొక్కల పేరంటం

ఆ ఎర్రచీర ఎవరిదో, అబ్బే, చీర కాదు, పడవ మీద ఆరేసిన గుడ్డ, అంటే ఇంకా ఎవరూ రాలేదన్నమాట, ఎనిమిదైపోయింది, నీళ్లు వెనక్కి పోయి బురద బయటపడింది, పదకొండుకల్లా మళ్లీ పోటు వచ్చేస్తుంది, ఈలోగా ఈ రెండు వేల మడ మొక్కలూ నాటకపోతే ఇవీ కిందటిసారి వాటిలాగే సంచుల్లో ఎండిపోతాయి, ఇంకోసారి అడిగితే ఎవరిస్తారు, కౌముది కరకట్ట మీద అటూ ఇటూ తిరిగింది, కిందటిసారి సంగతి తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది, సైన్సు టీచరు కదా, భూతాపం మన బాధ్యత అని కరపత్రాలు వేయించి, ఆటోకి మైకు కట్టించి తిప్పితే, రేషను కిరోసిన్ వచ్చిందనుకుని డబ్బాలు పట్టుకొచ్చారు జనం, సముద్రం ఏటేటా పైకొస్తోందండీ, మడ ఉంటే తుఫానుకి అడ్డుంటుందండీ అని ఆవిడ చెబుతుండగానే ఖాళీ డబ్బాలతో వెళ్లిపోయారు, అప్పుడు తొమ్మిదో తరగతి దుర్గాశ్రీ, మీరు చెప్పారు గానీ పిలవలేదు కదండీ టీచరుగారూ, బొట్టు పెట్టి పిలవకపోతే మా ఊళ్లో సొంత చెల్లెలి పెళ్లికైనా వెళ్లరండీ అంది, సరే, అదేదో మీరే చెయ్యండమ్మా అని ఈసారి కౌముది ఆడపిల్లల చేతికి కుంకుమ భరిణె ఇచ్చింది.

ఇచ్చిందే గానీ, భర్త లేనివాళ్లకి అలా బొట్టు పెట్టరని వాళ్లకి చెప్పాలని తోచలేదు, వాళ్లేమో ఒక్క గడపా వదలకుండా, ఆరేళ్ల కిందట, తొంభై ఆరు తుఫానులో మొగుణ్ణి పోగొట్టుకున్న పెద్దింట్లమ్మ నుదుటా పెట్టేశారట, నిన్న సాయంత్రం దుర్గాశ్రీ ఆ మాట గొప్పగా చెప్పింది, ఆవిడేమందమ్మా అంటే, లోపలికెళ్లి తలుపేసుకుందండీ అంది, ఇక ఊరు ఊరుకుంటుందా, పిల్లల్ని తిడతారు, రేపట్నించి ఆడపిల్లల్ని బడికే పంపరేమో, మొక్కల మాట దేవుడెరుగు, అదిగో, గట్టు మలుపులో మనుషులు, ముందు పెద్దింట్లమ్మ, భుజాన గునపం, దెబ్బలాటకే వస్తోంది.

కాదు, నుదుట బొట్టు అలాగే ఉంది, చెమటకి కొంచెం చెదిరింది గానీ తుడుచుకోలేదు, ఆవిడ వెనక ఆ తుఫానుకి మగవాళ్లు తిరిగిరాని ఇళ్ల ఆడవాళ్లు, అందరి నుదుటా బొట్టే, వాళ్ల వెనక ఊరూ, లుంగీలు ఎగ్గట్టిన మగాళ్లూ, పిల్లలకి తెలియదమ్మా, ఏమీ అనుకోకండి అని కౌముది అంటుంటే, ఆరేళ్లయ్యిందండీ నన్నొకళ్లు బొట్టెట్టి పిలిచి, రాకుండా ఎలాగుంటానండీ, అంది పెద్దింట్లమ్మ, మొక్కలిలా ఇవ్వండి, అక్కడొద్దండీ, అక్కడ నీరు లాగేస్తది, ఇటేపు పెట్టాలి, అంటూ బురదలోకి దిగిపోయింది, హమ్మయ్య, కౌముదీ చీర ఎగదోపి వెనకే దిగింది, నవ్వొస్తోంది, కళ్లు తడుస్తున్నాయి, మోకాళ్లదాకా బురద, పక్కన దుర్గాశ్రీ మొక్కలందిస్తోంది, తుఫానంటే ఏమిటో తనకంటే వీళ్లకే తెలుసు, తెలియకే రావడం లేదనుకుని ఇన్నాళ్లూ మైకులో పాఠం చెప్పింది, వీళ్లని ఎవరూ పిలవలేదు, అంతే.