కుంటలో బర్రె

జివతి గుట్టల మీద వాన బాగానే పడుతుంది గానీ నిలవదు. పడ్డ నీళ్లు పడ్డట్టే లోయలోకి జారిపోతాయి. అందుకే నర్సక్క తన చిన్న చెలకలో ఒక మూలన కుంట తవ్వించి, నీళ్లు ఇంకిపోకుండా అడుగునా పక్కలకూ నల్ల ప్లాస్టిక్ కవరు పరిపించి, చుట్టూ కంచె వేయించింది. ఉన్న కాస్త భూమినీ గుంత చేసుకుందని అందరికంటే ఎక్కువ నవ్వింది పక్క చేను మారుతి. అతనిది పెద్ద చేను. నర్సక్క, ఆమె భర్త రాజలింగు ఏటా అతని పత్తి ఏరడానికి కూలికి పోయేవాళ్లు.

ఆ ఏడు వానాకాలం నడుమ మబ్బులు మొహం చాటేశాయి. మారుతి పత్తి వాడిపోయింది. నర్సక్క మాత్రం కుంట నీళ్లు మిరపకు పారించుకుంటూ కూలికి పోవడం మానేసింది. మారుతి ఆమె గట్టు మీద రోజూ అటూ ఇటూ తిరిగేవాడు గానీ, నవ్విన నోటితో నీళ్లు అడగలేకపోయాడు.

ఒక పొద్దున అతని బర్రె కుంటలో దిగింది. ప్లాస్టిక్ మీద కాళ్లు జారి గట్టెక్కలేకపోయింది. కాసేపు తంటాలు పడి, ఆ పని మానుకుని, మెడ దాకా మునిగి నెమరు వేయసాగింది.

"అక్కా, నా బర్రె సచ్చిపోతది," అంటూ మారుతి పరుగెత్తుకొచ్చాడు.

నర్సక్క బర్రె వైపు చూసింది. "నాకైతే మంచిగనే కనబడుతుంది."

"నీళ్లన్నీ తీస్తెగాని రాదక్కా. పైపు నా చేను దిక్కు పెడ్త. వాలు గటే ఉన్నది."

పైపు చుట్ట అప్పటికే అతని భుజాన ఉంది. బర్రె కోసం వచ్చిన మనిషి చేతిలో తాడు లేదు. నర్సక్క అది చూసింది. రాజలింగుతో నులక మంచం తెప్పించి, ప్లాస్టిక్ మీద ఏటవాలుగా వేయించి, పైన గోనె సంచులు పరిచింది. గట్టు మీద పచ్చి జొన్న చొప్ప పట్టుకుని నిలబడింది. బర్రె కదల్లేదు. రాజలింగు నీళ్లలో దిగి తోస్తే, అది తీరిగ్గా అవతలి గట్టుకు ఈదింది. చాలాసేపటికి ఆకలేసిందేమో, దానంతటదే మంచమెక్కి, దాన్ని రెండు ముక్కలు చేసి బయటికొచ్చింది.

"కంచె ఎవరు పీకిండ్రు తమ్మీ?" అని అడిగింది నర్సక్క.

మారుతి బర్రె వీపు నిమిరాడు. "నేనే. నీళ్లడుగుదమంటె సిగ్గయింది."

"నీకు సిగ్గయితె బర్రెను తోలినవా?"

ఆమెకు నవ్వాగలేదు. అతనికీ ఆగలేదు. పత్తికి ఒక తడి ఇవ్వడానికి ఆమె ఒప్పుకుంది. "మరి మిర్చి ఏరేటప్పుడు నువ్వూ, నీ పెండ్లాం స్వరూపా నా చేన్ల కూలికి రావాలె," అంది. మారుతి తలూపి, పైపు విప్పాడు.

చలికాలంలో మొగుడూ పెళ్లాలిద్దరూ వచ్చారు. స్వరూప చకచకా ఏరుతూ ముందుకు పోయింది. మారుతి ఘాటుకు తుమ్ముతూ వెనకబడి, గట్టు మీద చతికిలబడ్డాడు. పక్క సాలులో ఏరుతున్న రాజలింగు గొంతు తగ్గించి అన్నాడు:

"జర లేచి నడుం వంచు బామ్మర్దీ. మీ అక్క గిటే చూస్తుంది. నిన్ను చూసినంక నా మీద పడతది."